జోడు చీర

నాంపల్లి, హైదరాబాదు
కార్తీకం, నవంబరు 1951

పోశికి,

నీ దొరసాని ప్రభావతి దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలని ఉంది గానీ, మొదటి వాక్యంలోనే అబద్ధమెందుకని మానేశాను.

నువ్వు హన్మకొండకు పోయి రెండు నెలలు దాటింది. పోయేదానివి పోయావు, నా తలనూనె సీసా ఎక్కడ పెట్టావో చెప్పి పోవద్దా? వీరమ్మకు వంట వచ్చు, జడ వేయడం రాదు. దువ్వెన పట్టుకుంటే చాలు, పగవాళ్ళ తల దొరికినట్టు పీకుతుంది. నిన్న అద్దంలో చూసుకుని నాకు నేనే జడుసుకున్నాను. ఇక నేనే దువ్వుకుందామంటే చెయ్యి వెనక్కు పోదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడైనా పోనిస్తే కదా!

ఈ కుండలంత అక్షరాలు చూసి నవ్వకు. నా కళ్ళ సంగతి నీకు కొత్తా? చిన్నప్పుడు పంతులు పలక మీద రాస్తే నాకు మసకమసకగా కనబడుతోందని, నాకు చదివి వినిపించడానికి మా నాయన నీకు కూడా ఓనమాలు చెప్పించాడు. అప్పుడు మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంది, దొరబిడ్డ వెంట ఊడిగానికి పోయే ఆడబాపకు చదువేందని. ఇప్పుడు చదివే నువ్వు అక్కడ, వినే నేను ఇక్కడ. పురాణం అరలో దుమ్ము కొట్టుకుపోతోంది.

ఈ ఇల్లు నాకు నచ్చలేదు పోశీ. గడిలో ఉన్నప్పుడు పొద్దున లేస్తే వాకిట్లో యాభై మంది ఉండేవాళ్ళు. సంగం గొడవల్లో గడి విడిచి వచ్చినప్పుడు కొన్నాళ్ళకు తిరిగి పోతాం కదా అనుకున్నాను. తర్వాత జాగీరే పోయింది. దొర ముందే పోయి బతికిపోయాడు, ఇవన్నీ చూడలేదు. ఇప్పుడు ఈ స్టేషను వెనక గల్లీలో నేను, నా బిడ్డ జయ, నీ బిడ్డ నర్మద, వీరమ్మ. రైలు కూత పెట్టినప్పుడల్లా ఎవరో వస్తున్నట్టుంటుంది. ఎవరూ రారు.

నా పెళ్ళినాడు అరణంలో ఆవులతో, ఇత్తడి సామానుతో నా వెంట వచ్చినదానివి నువ్వు. ఆవులు పోయాయి, ఇత్తడి పోయింది. నువ్వొక్కదానివే మిగిలావనుకున్నాను. "దవాఖానల కాన్పులు చేసే దాయి పని నేర్పుతున్నరట దొరసాని, పోతా" అని నువ్వంటే ఔ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నర్మద గురించి ఫికరు పడకు. అక్కడ పిల్లలను ఉంచుకోనివ్వరని నా మీద నమ్మకంతో విడిచిపోయావు. బడికి పంపుతానని మాటిచ్చాను కదా, పంపుతున్నాను. జాబు రాయి. నూనె సీసా సంగతి మరిచిపోకు.

ప్రభావతి


హన్మకొండ
దవాఖాన, డిసెంబరు 1951

మా దొరసాని పాదాలకు,

పోశవ్వ దండం పెట్టి రాసేది. మీ జాబు అందింది. మూడుసార్లు చదువుకున్న. చదివేది నేనే, వినేది నేనే.

నూనె సీసా పూజగూట్ల, పసుపు డబ్బ వెనుక ఉన్నది. వీరమ్మ కండ్లవడితే కూరల పోస్తదని ఆడ దాసిన. జడకు ముందుగాల చిక్కు తీయాలె, కొసల నుంచి పైకి రావాలె. పైనుంచి గుంజితే నొయ్యక ఏమైతది? ఆమెకు చెప్పుండ్రి.

నాకు మాట్లాడినట్టు రాసుడే వస్తది. తప్పులుంటే మీకెట్లాగూ కనవడవు.

గీడ నాకొక మంచం ఇచ్చిన్రు దొరసాని. ఇనుప మంచం, నా ఒక్కదానికే. మొదటిరోజు దాని మీద కూసోవాలంటే బుగులైంది. ఇన్నేండ్లు మీ గడప కాడ చాప మీద పన్నదాన్ని. మీరు అటు ఇటు కదిలితే నాకు మెలకువయ్యేది. గీడ ఎవలూ పిలువరు. అయినా నడిజాము కాంగనే "పోశీ" అని వినవడ్డట్టయి లేచి కూసుంట. పక్క మంచం పిల్ల నవ్వుతది, "ఎవలు పిలిచిన్రు అక్కా?" అంటది. దుప్పటి కప్పుకొని మళ్ళ పంట.

మాకు నేర్పేది శంకరమ్మ అని నర్సమ్మ. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. మొన్న ఒక కాన్పు నా చేతుల మీద అయింది. ఆడపిల్ల. పుట్టంగనే కెవ్వుమన్నది. పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుని "నీ పేరేంది అవ్వా?" అని అడిగింది. పోశవ్వ అన్న. ఎవలన్న నా పేరు అడిగి తెలుసుకొని చానేండ్లయింది దొరసాని. అందరికీ ముందుగాలనే తెలుసు గదా.

ఇడిసిపెట్టి వచ్చినందుకు నాకు సుఖమున్నదనుకోకుండ్రి. అన్నం తినేటప్పుడు మీరు తిన్నరో లేదో అని ముద్ద ఆగుతది. అలవాటు, పోతదిగావచ్చు.

నర్మద చదువు ఎట్లున్నది? లెక్కల పంతులమ్మ మంచిదేనా? అది నాకు ఒక్క ముక్క రాస్తలేదు. దానితోని రాయించుండ్రి. శిక్షణ ఎండకాలం దాకా, ఆఖర్ల పరీక్ష. అది పాసైతే ఇంత జీతం, ఉండేటందుకు ఒక అర్ర ఇస్తరట. ఇగ నర్మదను తెచ్చుకుంట.

పోశవ్వ


నాంపల్లి, హైదరాబాదు
మాఘం, ఫిబ్రవరి 1952

పోశికి,

ఎగిరి గంతెయ్యి! మా జయకు సంబంధం కుదిరింది. కరీంనగరం వైపు దొరలు. పిల్లవాడు వకీలు చదువు చదివాడు, మాట మెత్తన. వాళ్ళమ్మ లక్ష్మీనర్సమ్మ దొరసాని మాత్రం పాతకాలపు మనిషి, మడీ మర్యాదా అన్నీ లెక్కే. వైశాఖంలో ముహూర్తం. ఇంత సంతోషం చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరున్నారు? వీరమ్మకు చెప్తే "లడ్డూలకు నెయ్యి ఎంత తేవాలె" అంటుంది. నువ్వుంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్ళం.

ఆదివారం మా తమ్ముడు శ్యామ్‌సుందర్ వచ్చాడు. అబిడ్స్‌లో బట్టల దుకాణం పైన ఆఫీసు పెట్టాడు కదా, జాగీర్లు పోయినవాళ్ళందరికీ పరిహారం దరఖాస్తులు రాసి పెడుతున్నాడు. వాడి సంగతి నీకు తెలుసు, చాయ్ గిన్నె చేతిలో పడితే ఉపన్యాసమే. "అక్కా, రద్దు రద్దు అని నువ్వు విసుక్కుంటవు గని, దాని ఇంగ్లీషు మాటకు ఎంత కథ ఉన్నదో ఎరుకనా?" అన్నాడు. అబాలిషన్ అట. నోరు తిరగని మాట.

వెనకట ఆ మాటకు ఏ పన్నునో, ఏ చట్టాన్నో ఎత్తివేయడమనే అర్థమట. తర్వాత ఇంగ్లాండులో నల్లవాళ్ళను ఓడలకెక్కించి అమ్మే వ్యాపారం మీద జనం తిరగబడ్డారు. అప్పటినుంచి ఇంకేమీ చెప్పకుండా ఉత్త ఆ మాట అంటే చాలు, బానిసలను విడిపించడం గురించేనని అందరికీ తెలిసిపోయేదట. మొదలు అమ్మకం ఆపారు. అప్పటికే అమ్ముడుపోయినవాళ్ళు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు. ఇంకో పాతికేళ్ళకు గానీ వాళ్ళను విడిచే చట్టం రాలేదు. వచ్చాక నష్టపరిహారం ఎవరికి ఇచ్చారనుకున్నావు? యజమానులకు! పనిచేసినవాళ్ళకు చిల్లిగవ్వ లేదు. పైగా వాళ్ళతో "మీకు స్వేచ్ఛ కొత్త, అలవాటయ్యేదాకా ఇంకొన్నేళ్ళు పాత ఇంట్లోనే ఊరికే పని చెయ్యండి" అన్నారట. ఆ ముచ్చటకు మేమిద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. "మనదీ గంతే అక్కా, జాగీరు గుంజుకున్నరు, పరిహారం మనకే ఇస్తున్నరు" అన్నాడు వాడు.

తర్వాత వాణ్ని వెంటబెట్టుకుని అబిడ్స్‌కు బట్టలకు పోయాం. నేను గోషా విడిచి దుకాణం మెట్లెక్కడం నువ్వు చూడాల్సింది. ఎక్కడ మెట్టుందో తెలియక నర్మద భుజం పట్టుకున్నాను. జయకు నెమలికంఠం రంగు పట్టుచీర తీశాను, అరచేతి వెడల్పు జరీ అంచు. నర్మదకు కూడా అదే రంగు చీర తీశాను, అంచు సన్నం. మా ఇంట్లో నీ బిడ్డను ఎట్లా చూసుకుంటున్నామో దీన్నిబట్టి తెలుసుకో. ఆ చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడితే పిల్ల ఎంత కళగా ఉందో! జయ కూడా "అమ్మా, మేమిద్దరం ఒక్క తీరే ఉన్నం" అని మురిసిపోయింది.

నర్మద కులాసాగా ఉంది. ఇప్పుడు నా జడ అదే వేస్తోంది. చెయ్యి అచ్చం నీదే.

ప్రభావతి


హన్మకొండ
ఫిబ్రవరి 1952

దొరసాని గారికి,

జయమ్మ పెండ్లి కుదిరినందుకు మస్తు సంబురమైంది. పురిట్ల నా చేతులల్ల పడ్డ పిల్ల. సల్లగుండాలె.

మీ జాబు ఈసారి ఒక్కసారే చదివిన. చీర కాడ ఆగిపోయిన.

నెమలికంఠం రంగు, అంచు సన్నం. దొరసాని, మీ పెండ్లికి మీకు ఆకుపచ్చ పట్టుచీర తీసిన్రు, అరచేతి వెడల్పు అంచు. నాకు గూడ ఆకుపచ్చదే తీసిన్రు, అంచు సన్నం. జోడు చీర అన్నరు. నేను పిచ్చిదాన్ని, అద్దం ముందట నిలవడి మురిసిన. మా అవ్వ చూసి ఆ మూలకు పోయి ఏడ్సింది. ఎందుకేడుస్తున్నవే అని అడిగితే, "ఆ చీర కట్టినంక నువ్వు నాదానివి కాదు బిడ్డా" అన్నది. అప్పుడు నాకు సమజ్ కాలే.

అప్పగింతలు మీకు యాదికున్నదా? మీ అమ్మగారు చేతులు పాలల్ల ముంచి మీ చెయ్యి మీ అత్తగారి చేతుల పెట్టింది. అందరు ఏడ్సిన్రు. తర్వాత మళ్ళ పాలల్ల చేతులు ముంచి నా చెయ్యి పెట్టింది. అప్పుడు ఎవలూ ఏడ్వలే. మా అవ్వను లోపటికి రానియ్యలే గదా.

నేను అడుగుతున్న. నర్మద బడికి పోతున్నదా? మీ జాబుల బడి మాట లేదు. పొద్దుగాల మీ జడ ఏసే పిల్ల బడికి ఏ యాళ్ళకు పోతది?

చిన్నదొర చెప్పిన ముచ్చటకు మీరు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. శంకరమ్మ నర్సమ్మకు చెప్పిన. ఆమె అన్నది, "మన దగ్గర గూడ నిజాం సర్కారు అప్పు కింద జీతముండే భగేలోల్ల కోసం పదిహేనేండ్ల కిందనే కాగితం తెచ్చింది. కొత్త రాజ్యాంగంల గూడ వెట్టి నేరమని రాసిన్రు" అని. గడిల ఉన్న నాకు ఆ ముచ్చట ఎవలూ చెప్పలే. రద్దు చేసినోడు సంతకం పెట్టంగనే రద్దయిందనుకుంటడు దొరసాని. కాదు. ఎవల మెడ మీదికెల్లి తీసిన్రో వాళ్ళ చెవుల పడాలె. మీరు నాకు చెప్పలే. నేను పోతా అంటే ఔ అన్నరు గని, పోయేటందుకు నాకు హక్కున్నదని చెప్పలే.

ఇంకొక్క మాట. ఇన్నేండ్లు మీరు అడుగలే, నేను చెప్పలే. మా ఇండ్లల్ల నర్మద అని ఎవలన్న పేరు పెట్టుకుంటరా? ఆ పేరు పెట్టింది దొర. అద్దంల జయమ్మ, నర్మద ఒక్క తీరుగ ఎందుకున్నరో జయమ్మకు తెల్వది. మీకు తెలుసు.

చెల్లెను అక్కకు అరణమిస్తరా? నా బిడ్డను పంపుండ్రి.

పోశవ్వ


నాంపల్లి
ఫాల్గుణం, మార్చి 1952

పోశికి,

నీ జాబు జయతో చదివించుకోకుండా, కళ్ళకు ఆనించుకుని నేనే కూడబలుక్కున్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. నాలుగు అక్షరాలు నేర్పించినందుకు నా మీదికే విసురుతావా? ఎన్నేళ్ళు నా చేతి అన్నం తిన్నావు! నీకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిబట్ట వేసింది ఎవరు? నీ కాన్పుకు పట్నం నుంచి మందు తెప్పించింది ఎవరు? ఎవరి పిల్లో తెలిసి కూడా తెప్పించాను. ఆ సంగతి నువ్వు రాయకుండా ఉండాల్సింది. పదిహేనేళ్ళు నోరు మూసుకుని నేను మింగినదాన్ని ఒక్క ముక్కలో బయట పెట్టేశావు. నాకు మాత్రం ఎవరున్నారు చెప్పుకోవడానికి? ఆయన నిన్ను పిలిచిన రాత్రులు నా గది ముందు చాప ఖాళీగా ఉండేది. నేను చూడలేదనుకున్నావా? నాకు దూరపు వస్తువులు కనబడవు గానీ గడప కనబడుతుంది.

బడి సంగతి అడిగావు. సంక్రాంతి తర్వాత మానిపించాను. పెళ్ళి పనులు పెట్టుకుని ఎట్లా పంపను?

లక్ష్మీనర్సమ్మ దొరసాని మొదటిరోజే అడిగింది, "పిల్ల వెంట ఎవలొస్తున్నరు?" అని. ఎవరూ రారంటే మా ఇంటి పరువేమైపోతుంది? జాగీరు పోయినవాళ్ళు కదా, ఆడబాపకు కూడా దిక్కులేకపోయిందని ఊరంతా చెప్పుకోరా? మా జయ ఒక్కనాడు ఒంటరిగా పడుకున్న పిల్ల కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు. నర్మద ఎప్పటికీ అక్కడే ఉండాలని ఎవరన్నారు? జయకు అలవాటయ్యేదాకా, ఏడాదో రెండేళ్ళో. తర్వాత నీ బిడ్డను నీ దగ్గరికి పంపిస్తాను.

దీనికి నువ్వు జవాబు రాయనక్కర్లేదు.

ప్రభావతి


హన్మకొండ
మార్చి 1952

దొరసాని గారికి,

రాయనక్కర్లేదన్నరు, రాస్తున్న.

"అలవాటయ్యేదాకా" అన్నరు. చిన్నదొర చెప్పిన ముచ్చటల గూడ అదే మాట ఉన్నది. మీరే నాకు రాసిన్రు. మీ జాబు తీసి మళ్ళొకసారి చదువుకున్న.

నా పరీక్ష గూడ వైశాఖంలనే. అది ఇడిసిపెట్టి నా బిడ్డ కోసం ఉరికొస్తే ఈ పని పోతది. ఇగ తల్లీబిడ్డలిద్దరం మీ గడప కాడికే రావాలె. రాకుంటే బిడ్డ పోతది. రెండు దిక్కుల నన్ను కట్టేసిన్రు. గందుకే మిమ్ముల అడుగుతున్న. ఈసారి దండం పెడుతలేను. అడుగుతున్న.

చాప ఖాళీగున్న రాత్రులు నేను సుఖంగ లేనని మాత్రం మీకు ఎరుక కావాలె.

పోశవ్వ


నాంపల్లి, హైదరాబాదు
వైశాఖం, మే 1952

పోశవ్వకు,

పెళ్ళయింది. వారం రోజులుగా ఈ జాబు మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఈసారి చింపను.

నిజం రాస్తాను. నర్మదను పంపాలనే ఉన్నాను. నీ ఆఖరు జాబు చదివి కూడా మనసు మార్చుకోలేదు. మొండికెత్తాను. పెళ్ళినాడు దానికి ఆ చీర కట్టించింది నేనే. పందిట్లో చుట్టాలు "ఆడబాప కూడా ఎంత చక్కగున్నదో" అంటుంటే గర్వపడ్డాను కూడా.

అప్పగింతలప్పుడు పాలగిన్నె తెచ్చారు. చేతులు ముంచి జయ చెయ్యి లక్ష్మీనర్సమ్మ దొరసాని చేతిలో పెట్టాను. ఏడ్చాను, అందరూ ఏడ్చారు. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాపింది, రెండో చెయ్యి కోసం. నేను మళ్ళీ పాలల్లో ముంచాను.

ఇంతలో నర్మద తన చెయ్యి తానే చాపింది పోశవ్వా. నేను పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. తల వంచుకుని, అరచెయ్యి పైకి పెట్టి, వేళ్ళు దగ్గరగా చేర్చి, పెట్టెలో సర్దడానికి ఇస్తున్న వస్తువులాగా చాపింది. దగ్గరి వస్తువు కదా, నాకు బాగా కనబడింది. నా పెళ్ళినాడు నువ్వూ ఇట్లాగే చాపి ఉంటావు. ఆనాడు పోశి నా వెంట వస్తోందన్న సంతోషంలో నీ మొహం వైపు చూడనే లేదు. నాకు ఆ సంతోషం మాత్రమే గుర్తుంది. నీ మొహం ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు.

నా చేతుల నుంచి పాలు కారుతున్నాయి. "ఇంకేంది, కానియ్యి" అన్నదామె. నా గొంతు మగవాళ్ళ ముందు ఎన్నడూ లేచింది కాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ వచ్చింది.

"ఈ పిల్ల అరణం కాదు. ఈమె తల్లి పోశవ్వ హన్మకొండల ఉన్నది. ఆమెను అడగకుండ ఎవలకూ ఇయ్యను. మా ఇంట్ల ఆడబాప పద్ధతి రద్దయింది. అందరు వినుండ్రి" అన్నాను. తర్వాత నర్మద వైపు తిరిగి, "బిడ్డా, నువ్వు కూడ విను. రద్దయింది" అని మళ్ళీ చెప్పాను.

పందిరి పందిరంతా నోరు తెరిచింది. శ్యామ్‌సుందర్ "అక్కా, ఏందిది!" అని చెయ్యి పట్టుకుని గుంజాడు. ఇంగ్లాండువాళ్ళ కథకు నవ్వినవాడు, అక్క నోట అదే మాట వస్తే తలెత్తలేకపోయాడు. లక్ష్మీనర్సమ్మ దొరసాని "వట్టి చేతులతోని పిల్లను పంపుతరా?" అని లేచి నిలబడింది. పెళ్ళి ఎక్కడ ఆగిపోతుందోనని నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు మా జయ, ఎన్నడూ మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను తీసుకోని పిల్ల, "అత్తమ్మా, పాండ్రి. నా జడ నేనేసుకుంట" అని ముందు నడిచింది. నేను చెయ్యాల్సింది నా కూతురు నాకంటే ముందు చేసింది.

విస్తళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయారు వాళ్ళు. పదహారు రోజుల పండుగకు జయను పంపేది లేదని కబురు పెట్టారు. నేను క్షమాపణ అడిగేదాకా పంపరట. వేరే విషయానికైతే అడిగేదాన్ని. జయ మీద దిగులుతో అన్నం సయించడం లేదు. నిన్న జయ నుంచి కార్డు వచ్చింది: "అమ్మా, జడ వంకరగ వస్తున్నది, అయినా నేనే వేసుకుంటున్న." దాన్ని దిండు కింద పెట్టుకున్నాను.

నర్మదకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. దాని తండ్రి ఎవరో. అది నేను చెప్పకూడదు, నువ్వే చెప్పాలి. జయకు మాత్రం నేను చెప్తాను, వచ్చిననాడు.

వచ్చే ఆదివారం కాజీపేట పాసింజరులో నర్మద వస్తోంది. వీరమ్మ తోడు వస్తుంది. బడి సర్టిఫికెట్టు వెంట పంపుతున్నాను. చీర తీసుకుపోనంది, ఇక్కడే మడతపెట్టింది. పాల చేతులతో పంపుదామనుకున్నాను గానీ పిల్ల ఆ గిన్నె చూస్తేనే వెనక్కి జరిగింది. వట్టి చేతులతోనే పంపుతున్నాను.

నిన్ను మా అమ్మ మా అత్త చేతిలో పెట్టింది. ఇద్దరూ పోయారు. ఇప్పుడు నిన్ను తిరిగి ఎవరికి అప్పగించాలి? మీ అవ్వ కూడా లేదాయె. ఎవరు చెయ్యాలో, ఎట్లా చెయ్యాలో చెప్పు. చేస్తాను.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. నాకు భయంగా ఉంది పోశవ్వా.

ప్రభావతి


హన్మకొండ
జూన్ 1952

ప్రభావతమ్మకు,

ఈ పేరు రాసేటందుకు ఇంతసేపు పట్టింది. మొదలు దొరసాని అనే రాసి కొట్టేసిన. నోరు ఇంకా తిరుగుతలేదు, చెయ్యి తిరిగింది.

నర్మద వచ్చింది. కాజీపేట స్టేషన్ల దిగి నన్ను చూసి నిలవడ్డది. దగ్గరికి తీసుకోవాలంటే నాకే మొగమాటమైంది. ఇంత పొడువైంది! అర్రకు వచ్చినంక నా మంచం మీద కూసుని, "అవ్వా, దొరసాని అందరి ముందట నీ పేరు చెప్పింది" అన్నది. అన్నదే అంటున్నది. ఆ ఒక్క ముచ్చట పదిసార్లు చెప్పించుకున్న. మా అవ్వను ఆనాడు లోపటికే రానియ్యలే. నా పేరైతే లోపటికి వచ్చింది.

పరీక్ష పాసైన. జయమ్మ గురించి మీరెంత దిగులుపడుతున్నరో నాకు తెలుసు. నాకు గూడ ఉన్నది. ఆ పిల్ల గట్టిది, వస్తది సూడుండ్రి. నర్మదకు దాని తండ్రి ముచ్చట చెప్పిన. తర్వాత, "అయితే జయక్కకు నేను జాబు రాయొచ్చునా?" అని అడిగింది. రాయమన్న.

నన్ను ఎవలకు అప్పజెప్పాలె అని అడిగిన్రు. ఎవలకూ వద్దు. మీరు కోపంగ రాసిన జాబు చదివిన దినమే నేను అనుకున్న, ఇగ నా చెయ్యి నాదేనని. మీరు పందిట్ల చెప్పినంక అది ఖాయమైంది. పాలు గీలు ఏం వద్దు, కాన్పైన తల్లులకు పోస్త.

మిమ్ముల కడుపుల పెట్టుకుని అన్నీ మరిచిపోయిన అని రాయలేను. మరువలే. కొన్ని మరిచిపోయేటివి కావు. అయినా భయంగ ఉన్నదని మీరు రాసిన కాడ నాకు ఏడుపొచ్చింది. మనిద్దరికీ ఒకలకొకలు తప్ప ఆ దినాలు ఎరిగినోల్లు ఎవలూ మిగలలేదాయె.

గీడికి రాండ్రి. నాలుగు రోజులు ఉండుండ్రి. మంచం ఒక్కటే ఉన్నది. మీకు అది ఇచ్చి మేం కింద పంటమనుకోకుండ్రి, శంకరమ్మ దగ్గర ఇంకొకటి అడిగిన. పురాణం తెచ్చుకోండ్రి, సదువుత, నాకు గూడ వినాలని ఉన్నది. జడ మాత్రం మీదే.

ఒక్కటే షరతు. ఒక్కరే రాండ్రి. మీ వెంట ఎవలనూ తీస్కరాకుండ్రి.

పోశవ్వ


నాంపల్లి స్టేషను
జూన్ 1952, కార్డు

పోశవ్వకు,

స్టేషను బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పుట్టి ఇన్నేళ్ళకు గల్లీ దాటి ఇక్కడిదాకా ఒంటరిగా నడిచాను. బోర్డు కనబడక ఇద్దరిని అడిగాను. ఇంటి గడప కాడ కాళ్ళు ఆగిపోయాయి, వెనక ఎవరూ లేరని. వీరమ్మ "తోడు వస్తా" అంది. వద్దన్నాను. నా జడ చూసి నవ్వకు.

కిటికీలో టికెట్ బాబు తలెత్తకుండా "కిత్నే?" అని అడిగాడు.

"ఒక్కటే" అన్నాను.

ప్రభావతి